డీఎన్ఎస్, ఎల్ఈఎస్, ర్యాన్స్: సిద్ధాంతంతో పోల్చాలంటే ఏది ఎంచుకోవాలి?

టర్బులెన్స్ (సుడులు తిరిగే అల్లకల్లోల ప్రవాహం) సిమ్యులేషన్ మొదలుపెట్టబోయే వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: డీఎన్ఎస్ (అన్ని సుడులనూ నేరుగా లెక్కించడం) చేయాలా, ఎల్ఈఎస్ (పెద్ద సుడులను లెక్కించి, చిన్నవాటికి మోడల్ పెట్టడం) సరిపోతుందా, సగటు ప్రవాహాన్నే లెక్కించే ర్యాన్స్‌తో పని జరిగిపోతుందా? దానికి మామూలుగా వచ్చే జవాబు కూడా ఒకటే, మీ మెషీన్ ఎంత పెద్దదైతే అంత. ఈ సలహా తప్పనను గానీ, వచ్చిన ఫలితాన్ని సిద్ధాంతంతో పోల్చడమే మీ పని అయితే ఇది సగం సలహాయే. ముందు తేల్చుకోవాల్సింది మెషీన్ సంగతి కాదు. మీరు పరీక్షించబోయే సిద్ధాంతం, మీరు వాడబోయే మోడల్లో ఇప్పటికే కూర్చుని ఉందా లేదా అన్నది. ఉంటే గనక పోలిక ఎంత అందంగా కుదిరినా దానికి విలువ లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికి, చివరికి దొరికిందని సంబరపడినట్టు ఉంటుంది.

ఆ సంబరం నేనూ పడ్డాను లెండి. మొదటిసారి ఎల్ఈఎస్ చేసి, ఎనర్జీ స్పెక్ట్రమ్ (ఏ సైజు సుడుల్లో ఎంత శక్తి ఉందో చూపే గ్రాఫ్) గీసి, పక్కన సిద్ధాంతం చెప్పే −5/3 వాలుతో ఒక గీత పెట్టి, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే తెగ మురిసిపోయి కనపడిన వాళ్లందరికీ చూపించాను. ఆ మోడల్లో వాడిన స్థిరాంకాన్ని అసలు −5/3 ఉందని ముందే అనుకుని లెక్కగట్టారన్న సంగతి చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఏ సిద్ధాంతంతో పోలుస్తున్నారు?

టర్బులెన్స్‌లో సిద్ధాంతం అని పిలిచేవన్నీ ఒకే బరువున్నవి కావు. అన్నిటికన్నా గట్టిది రష్యన్ గణిత శాస్త్రవేత్త కోల్మోగొరోవ్ 1941లో ఇచ్చిన 4/5 నియమం. రెండు బిందువుల మధ్య, వాటిని కలిపే దిశలోనే వేగం తేడా తీసుకుని, దాన్ని ఘనం చేసి సగటు కడితే, అది −4/5 ఇంటూ శక్తి ఖర్చయ్యే రేటు ఇంటూ ఆ దూరం అవుతుంది. ఇది ద్రవాల కదలికను చెప్పే మూల సమీకరణాలైన నేవియర్–స్టోక్స్ సమీకరణాల నుంచి నేరుగా వస్తుంది. ప్రవాహం అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండాలి, రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ వేగం ప్రభావానికీ స్నిగ్ధత ప్రభావానికీ ఉన్న నిష్పత్తి) బాగా పెద్దదవ్వాలి, స్నిగ్ధత ఎంత తగ్గినా శక్తి ఖర్చు సున్నాకి పడిపోకూడదు. ఈ షరతులకు మించి ఇందులో సర్దుబాటు చేసుకునే సంఖ్య ఒక్కటీ లేదు. అందుకే దీనితో పోల్చితే మీ కోడ్ తప్పు తప్పకుండా బయటపడుతుంది.

దాని పక్కనే పుట్టిన −5/3 స్పెక్ట్రమ్ మాత్రం కొలమానాల తర్కంతో (రెండు వైపులా యూనిట్లు సరిపోవాలన్న లెక్కతో) వచ్చింది. వాలు చెబుతుంది, ముందున్న స్థిరాంకం (సుమారు 1.5) చెప్పదు, అది కొలతల నుంచి రావాల్సిందే. దీనికి మొదటి గట్టి రుజువు కూడా ప్రయోగశాలలో దొరకలేదు, 1962లో గ్రాంట్, స్టీవర్ట్, మొయిలియెట్ అనే ముగ్గురు కెనడా పడమటి తీరంలో ఆటుపోట్లు ఉధృతంగా పారే సముద్రపు పాయలో కొలిచిన వేగాల్లో దొరికింది. గోడ పక్కన వేగం లాగరిథమ్‌లా పెరుగుతుందనే వాన్ కార్మాన్ లాగ్ నియమం 1930 నాటిది, అందులో కప్పా అనే స్థిరాంకం ఉంది, దాని విలువ మీద ఇప్పటికీ తగువులే. ఇంటర్మిటెన్సీ (తీవ్రమైన సుడులు అక్కడక్కడా, ఉండుండి విరుచుకుపడటం) సంగతికొస్తే, ఆరో ఘాతం స్ట్రక్చర్ ఫంక్షన్ (వేగం తేడాను ఆరో ఘాతానికి పెంచి కట్టిన సగటు) వాలు 1941 సిద్ధాంతం ప్రకారం 2 రావాలి, 1994 నాటి షీ–లెవెక్ సూత్రం 1.78 అంటుంది, కొలతలు రెండో దానికే దగ్గర.

ఈ నాలుగింటిలో మీది ఏదో ముందే కాగితం మీద రాసుకోండి. పద్ధతి ఎంపిక సగం అక్కడే అయిపోతుంది.

డీఎన్ఎస్

ఇందులో మోడల్ అంటూ ఏమీ ఉండదు, అతి చిన్న సుడి దాకా అన్నిటినీ గ్రిడ్ మీదే పట్టుకోవాలి. పెద్ద సుడికీ, స్నిగ్ధత మింగేసే చిట్టచివరి సుడికీ సైజులో ఉన్న నిష్పత్తి రేనాల్డ్స్ సంఖ్య 3/4 ఘాతంగా పెరుగుతుంది, మూడు దిశల్లోనూ పెరుగుతుంది కాబట్టి గ్రిడ్ బిందువులు 9/4 ఘాతంగా పెరుగుతాయి, టైమ్ స్టెప్పులు కూడా కలుపుకుంటే మొత్తం ఖర్చు దాదాపు ఘనం. అంటే రేనాల్డ్స్ సంఖ్యను రెట్టింపు చేస్తే లెక్క 8 రెట్లు, పది రెట్లు చేస్తే వెయ్యి రెట్లు. ఇది విన్నాక కూడా "పెద్ద మెషీన్ దొరికితే విమానం రెక్క మొత్తం డీఎన్ఎస్ చేసేద్దాం" అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదించకండి.

మెమరీ లెక్క ఇంకా తేలిక. 256³ గ్రిడ్ అంటే సుమారు 1.7 కోట్ల బిందువులు, మూడు వేగ భాగాలను డబుల్ ప్రెసిషన్‌లో దాచడానికి 400 ఎంబీ. 512³కి 3.2 జీబీ. 1024³కి దాదాపు 26 జీబీ. ఇవి వేగానికి మాత్రమే, లెక్క మధ్యలో వాడుకునే అర్రేలకు దీనికి మూడు నాలుగు రెట్లు పట్టడం మామూలే. కాబట్టి మంచి ల్యాప్‌టాప్ అయితే 256³, గట్టి వర్క్‌స్టేషన్ లేదా ఒక పెద్ద జీపీయూ అయితే 512³, ఆ పైన క్లస్టరే దిక్కు. 1972లో ఆర్జాగ్, ప్యాటర్సన్ మొదలుపెట్టింది 32³తో, అంటే 32,768 బిందువులు. 2002లో జపాన్ ఎర్త్ సిమ్యులేటర్ మీద కనెడా బృందం 4096³ చేసింది, అంటే 6,800 కోట్లకు పైగా. అంత పెద్ద గ్రిడ్ మీద కూడా వాళ్లకు వచ్చిన వాలు సరిగ్గా −5/3 కాదు, దానికన్నా సుమారు 0.1 నిటారుగా ఉంది. ఈ విషయం గుర్తుంచుకుంటే మీ 256³ రన్‌లో వాలు అచ్చంగా −5/3 వచ్చినప్పుడు ఆనందం కన్నా అనుమానం ముందు కలుగుతుంది.

డీఎన్ఎస్ ఎప్పుడు ఎంచుకోవాలి? 4/5 నియమం గానీ, ఇంటర్మిటెన్సీ గానీ, చిన్న సుడుల గణాంకాలు గానీ మీ ప్రశ్న అయితే, వేరే దారి లేదు. మిగిలిన పద్ధతులన్నీ ఆ చిన్న సుడుల స్థానంలో ఊహను పెడతాయి, ఊహనే పరీక్షించలేం కదా. కానీ మోడల్ లేదు కాబట్టి తప్పూ లేదనుకోవద్దు. స్పెక్ట్రల్ కోడ్ (ప్రవాహాన్ని అలల మొత్తంగా లెక్కించేది; సుడి ఎంత చిన్నదైతే దాని వేవ్‌నంబర్ అంత పెద్దది) అయితే, గ్రిడ్ పట్టగల అతి పెద్ద వేవ్‌నంబర్‌ని కోల్మోగొరోవ్ పొడవుతో (అతి చిన్న సుడి సైజుతో) గుణిస్తే కనీసం 1.5 రావాలి. స్పెక్ట్రమ్‌కి, రెండో మూడో ఘాతాలకు అది చాలు గానీ, ఆరో ఎనిమిదో ఘాతాలు కావాలంటే ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి, ఎందుకంటే అరుదుగా వచ్చే తీవ్రమైన సుడులు సగటు సుడి కన్నా సన్నగా ఉంటాయి. ఇక్కడే ఒక పేచీ ఉంది. ఉన్న గ్రిడ్‌లో చిన్న సుడులకు ఎక్కువ జాగా ఇస్తే రేనాల్డ్స్ సంఖ్య తగ్గి ఇనర్షియల్ రేంజ్ (−5/3 కనిపించే మధ్య సైజు సుడుల భాగం) కుదించుకుపోతుంది, రేంజ్ పెంచుకుంటే చిన్న సుడులు పాడవుతాయి. రెండూ ఒకే రన్‌లో కావాలని ఆశపడకుండా రెండు రన్‌లు చేసుకోవడం మేలు.

గ్రాఫ్ గీసే తీరు కూడా ముఖ్యమే. లాగ్–లాగ్ గ్రాఫ్‌లో మందపాటి గీత పెడితే ఏ వాలైనా −5/3లాగే కనపడుతుంది. స్పెక్ట్రమ్‌ని వేవ్‌నంబర్ 5/3 ఘాతంతో గుణించి చూడండి, చదునుగా వస్తేనే ఒప్పుకోండి. 512³లో చదునుగా వచ్చేది చాలా చిన్న ముక్క, దాని వెంటనే బాటిల్‌నెక్ అనే చిన్న గూని కనపడుతుంది, అది మీ తప్పు కాదు. 4/5 విలువకూ ఫలితం మెల్లగా కిందినుంచి చేరుతుంది. బయటి నుంచి నిరంతరం శక్తి అందించే ప్రవాహంలో కాస్త త్వరగా, వదిలేస్తే తనంతట తాను అణిగిపోయే ప్రవాహంలో బాగా ఆలస్యంగా.

ఎల్ఈఎస్

పెద్ద సుడులను నేరుగా లెక్కించి, గ్రిడ్ కన్నా చిన్నవాటి పనిని ఒక మోడల్‌కి అప్పజెప్పడం. వాతావరణ లెక్కల కోసం స్మగొరిన్‌స్కీ 1963లో ఇచ్చిన మోడల్ ఇంకా బతికే ఉంది. 1970లో డియర్‌డార్ఫ్ దాన్ని ఛానెల్ ప్రవాహానికి (రెండు గోడల మధ్య పారే దానికి) వాడినప్పుడు ఆయన దగ్గరున్న గ్రిడ్ మొత్తం 6,720 బిందువులే. ఇప్పుడు ఫోన్‌లో ఒక ఐకాన్ బొమ్మకు కూడా అంతకన్నా ఎక్కువ పిక్సెల్స్ ఉంటాయి!

ఇక అసలు మెలిక. స్మగొరిన్‌స్కీ స్థిరాంకం 0.17 ఎక్కడి నుంచి వచ్చింది? గ్రిడ్ కట్టాఫ్ (గ్రిడ్ పట్టగల అతి చిన్న సైజు) −5/3 రేంజ్ మధ్యలో ఉందనుకుని, కోల్మోగొరోవ్ స్థిరాంకం 1.5 దగ్గరనుకుని లిల్లీ లెక్కగట్టారు. అంటే కట్టాఫ్ దగ్గర మీకు కనిపించే వాలు మీరు కనిపెట్టింది కాదు, మీరు తెచ్చి పెట్టుకున్నదే. పైగా అదే 0.17ని గోడలున్న ఛానెల్లో వాడితే పెద్ద సుడులను కూడా నొక్కేస్తుంది, అందుకే డియర్‌డార్ఫ్ 0.1కి దిగాల్సి వచ్చింది. 1991లో జెర్మానో బృందం ఇచ్చిన డైనమిక్ పద్ధతిలో ఆ స్థిరాంకాన్ని ప్రవాహమే తేల్చుకుంటుంది, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను. అయినా చిన్న సుడుల వాలు గురించి దీని సాక్ష్యం కూడా పూర్తిగా నిష్పాక్షికం కాదు, కట్టాఫ్ దగ్గర సుడుల తీరు చిన్నా పెద్దా ఒకటేనని ఇదీ అనుకుంటుంది.

మరి ఎల్ఈఎస్ దేనికి? పెద్ద సుడులు నడిపించే విషయాలకు. జెట్ ఎంత త్వరగా వెడల్పవుతుంది, సిలిండర్ వెనకాల సుడులు ఏ ఫ్రీక్వెన్సీలో ఊడిపోతాయి, రెండు పొరలు ఎలా కలిసిపోతాయి, ఇలాంటివి. వీటిని స్వయం సారూప్య సిద్ధాంతాలతో (సైజు మారినా ఆకారం ఒకేలా ఉంటుందనే వాటితో) పోల్చడం న్యాయమే, ఎందుకంటే మోడల్ అక్కడ వేలు పెట్టదు. మొత్తం శక్తిలో కనీసం 80 శాతం గ్రిడ్ మీదే ఉండాలన్న పోప్ కొలబద్ద ఒకటుంది, ఆరంభానికి బాగానే పనికొస్తుంది.

గోడ దగ్గరకు వచ్చేసరికి ఎల్ఈఎస్ జాతకం తిరగబడుతుంది. అక్కడ పెద్ద సుడి అంటూ వేరే ఉండదు, గోడకు దగ్గరయ్యేకొద్దీ అన్నీ చిన్నవే, కాబట్టి గోడ దాకా లెక్కించాలంటే ఖర్చు డీఎన్ఎస్ వైపు పాకుతుంది. తప్పించుకోవడానికి వాల్ మోడల్ వాడతారు. చాలా వాల్ మోడళ్లు మొదటి గ్రిడ్ బిందువు లాగ్ నియమం మీద ఉందనుకుని రాపిడి లెక్కగడతాయి. అలాంటి రన్ నుంచి వేగం గ్రాఫ్ తీసి "చూడండి, లాగ్ నియమం వచ్చింది" అంటే, మళ్లీ చంకలో పిల్ల కథే.

ఇంకొకటి, ఇది ఎక్కువమంది పట్టించుకోరు. వాడుకలో ఉన్న ఫైనైట్ వాల్యూమ్ (ప్రవాహాన్ని చిన్న గదులుగా చీల్చి లెక్కించే) కోడ్‌లలో అప్‌విండ్ స్కీమ్ (ప్రవాహం వచ్చే వైపు విలువలనే ఎక్కువగా వాడే లెక్క) పెడితే ఆ స్కీమే స్నిగ్ధతలా పనిచేసి, మీ సబ్‌గ్రిడ్ మోడల్ కన్నా ఎక్కువ శక్తిని మింగుతుంది. మోడల్ మార్చినా ఫలితం మారట్లేదంటే కారణం చాలాసార్లు ఇదే. దీన్ని పట్టుకోవడానికి టేలర్–గ్రీన్ సుడి అనే ప్రామాణిక పరీక్షా ప్రవాహాన్ని రేనాల్డ్స్ సంఖ్య 1600 దగ్గర, మోడల్ తీసేసి నడపండి. గతిశక్తి తగ్గే రేటు ఒకవైపు, వర్టిసిటీ (ద్రవం ఎంత గట్టిగా తిరుగుతోందన్న కొలత) వర్గం సగటు నుంచి లెక్కగట్టిన స్నిగ్ధత ఖర్చు ఇంకోవైపు గీయండి. శక్తి ఖర్చు, యూనిట్లు తీసేసిన కాలం 9 దగ్గర శిఖరానికి చేరాలి, రెండు గీతలూ కలిసి నడవాలి. వాటి మధ్య ఎడం ఎంతుందో అంతా మీ స్కీమ్ దొంగిలించిన శక్తే.

ర్యాన్స్

సగటు ప్రవాహాన్ని మాత్రమే లెక్కించి, సుడులన్నిటినీ మోడల్‌కి వదిలేయడం. సగటు కట్టే ఆలోచన రేనాల్డ్స్‌దే, 1895 నాటిది. ఇందులో స్పెక్ట్రమ్ అనేదే ఉండదు కాబట్టి కోల్మోగొరోవ్‌తో పోలికలు మర్చిపోండి. మిగిలింది లాగ్ నియమం, అణిగిపోయే రేటు లాంటివి. వాటి సంగతి చూద్దాం.

కె–ఎప్సిలాన్ మోడల్లో (సుడుల శక్తికీ, అది ఖర్చయ్యే రేటుకీ చెరో సమీకరణం పెట్టే ర్యాన్స్ మోడల్) మామూలుగా వాడే స్థిరాంకాలు 0.09, 1.44, 1.92, 1.3. గోడ దగ్గర లాగ్ నియమం ఉండాలని సమీకరణంలో పెడితే కప్పా వర్గం విలువ 1.92లోంచి 1.44 తీసేసి, దాన్ని 1.3తో, 0.09 వర్గమూలమైన 0.3తో గుణిస్తే వస్తుంది. అంటే 0.187. కప్పా 0.43. కాగితం మీద రెండు నిమిషాల పని, దీనికి సిమ్యులేషన్ ఎందుకు? అలాగే ప్రయోగంలో ప్రవాహానికి అడ్డుపెట్టిన జాలీ వెనకాల టర్బులెన్స్ అణిగిపోయే ఘాతం, 1.92లోంచి ఒకటి తీసేసి తిరగేస్తే 1.09. మీరు ఏ ఆరంభ స్థితి ఇచ్చినా ఈ మోడల్ చివరికి 1.09 దగ్గరకే వస్తుంది. సాఫ్‌మన్ సిద్ధాంతం 6/5 అంటుంది, పెద్ద సుడుల అమరిక ఇంకోలా ఉంటే 10/7 అంటుంది ఇంకో సిద్ధాంతం. ఆ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి కె–ఎప్సిలాన్ నడిపేవాళ్లను నేను చూశాను, పాపం అనిపించింది.

ర్యాన్స్ పనికిరాదని కాదు, ఇంజనీరింగ్ లెక్కల్లో రోజువారీ అన్నం పెట్టేది అదే. సిద్ధాంతంతో కాకుండా ప్రయోగంతో పోల్చే పనికి అది సరైనది. మెట్టు దిగిన ప్రవాహం మళ్లీ నేలకు అతుక్కునే దూరం మంచి పరీక్ష. రేనాల్డ్స్ సంఖ్య 5,000 దగ్గర ప్రయోగంలో, డీఎన్ఎస్‌లో అది మెట్టు ఎత్తుకు ఆరు రెట్లు, కాస్త అటూ ఇటూ. మామూలు కె–ఎప్సిలాన్ ఆ దూరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. గోడను వదిలి విడిపోయే ప్రవాహాలకు మెంటర్ 1994లో ఇచ్చిన ఎస్ఎస్‌టీ అనే ర్యాన్స్ మోడల్ దానికన్నా నయం, బయటి ఏరోడైనమిక్స్‌కి స్పలార్ట్–ఆల్మరస్ మోడల్ చవక, గట్టిది. గోడ దగ్గర ర్యాన్స్, దూరంగా ఎల్ఈఎస్ నడిపే డీఈఎస్ 1997 నుంచి ఉంది. విడిపోయిన ప్రవాహాలకు బాగుంటుంది గానీ, ఏ భాగంలో ఏ మోడల్ మాట్లాడుతోందో విడదీయడం కష్టం కాబట్టి సిద్ధాంత పోలికకు నేనైతే దాని జోలికి పోను.

పెద్ద మెషీన్ లేకపోతే

ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎందుకంటే చాలామందికి నిజానికి కావాల్సింది ఇదే. రెండు దిశల్లోనే కదిలే (2డి) టర్బులెన్స్ తీసుకోండి. 1967లో క్రైచ్‌నన్ చెప్పిన ప్రకారం అక్కడ శక్తి చిన్న సుడుల నుంచి పెద్ద సుడుల వైపు ఎదురు పారుతుంది, −5/3 వాలుతో. వర్టిసిటీ వర్గం మాత్రం చిన్నవాటి వైపు −3 వాలుతో దిగుతుంది. 1024² గ్రిడ్ అంటే పది లక్షల బిందువులే, ల్యాప్‌టాప్‌లో రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫలితం. ఒకే రన్‌లో రెండు రేంజ్‌లూ బాగా రావడం కష్టం, ఒక్కోదానికి విడిగా శక్తి అందించండి.

ఇంటర్మిటెన్సీ ఒక్కటే చూడాలంటే షెల్ మోడల్ (ఒక్కో సైజు శ్రేణి సుడులన్నిటికీ కలిపి ఒకే వేరియబుల్ పెట్టే చిన్న మోడల్) చాలు. సాబ్రా లాంటి మోడల్లో ఇరవై ఇరవై రెండు వేరియబుల్స్ మాత్రమే, ఒక్కో షెల్‌కి వేవ్‌నంబర్ రెట్టింపవుతుంది కాబట్టి ఇరవై రెండు షెల్‌లతో దాదాపు 21 లక్షల రెట్ల రేంజ్ దొరుకుతుంది, ఏ డీఎన్ఎస్ కూడా దాని దరిదాపులకు రాదు. ఘాతాలు అసలు ప్రవాహం వాటికి దగ్గరగానే వస్తాయి. అయితే ఇది ప్రవాహం కాదు, ప్రవాహం పోలికున్న బొమ్మ. ఇక్కడ కుదిరింది కాబట్టి నేవియర్–స్టోక్స్‌లోనూ అంతే అని రాయకండి.

మూడో దారి, అసలు సిమ్యులేషనే చేయకపోవడం. జాన్స్ హాప్కిన్స్ టర్బులెన్స్ డేటాబేస్‌లో 1024³ ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే) రన్, ఛానెల్ రన్‌లు ఉచితంగా దొరుకుతాయి, కావాల్సిన బిందువుల దగ్గర వేగం అడిగి తెచ్చుకోవచ్చు. మీ ప్రశ్న 4/5 నియమం గురించే అయితే, సొంతంగా 256³ నడిపే నెల రోజుల కన్నా అక్కడి డేటా మీద ఒక వారం కూర్చుంటే ఎక్కువ తేలుతుంది. సొంత కోడ్ రాసిన తృప్తి ఉండదు, నిజమే.

గోడ, కప్పా విషయానికి

లాగ్ నియమం మీ ప్రశ్న అయితే ఒక హెచ్చరిక. 1987లో కిమ్, మొయిన్, మోసర్ చేసిన ప్రసిద్ధ ఛానెల్ డీఎన్ఎస్ ఫ్రిక్షన్ రేనాల్డ్స్ సంఖ్య (గోడ రాపిడి నుంచి కట్టేది) 180 దగ్గర, సుమారు 40 లక్షల బిందువులతో జరిగింది. ఇప్పుడు అది చిన్న మెషీన్‌లోనూ అయిపోతుంది, కోడ్ సరిచూసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ అందులో నిజమైన లాగ్ భాగం లేదు. పాఠాల్లో వై ప్లస్ (స్నిగ్ధత కొలమానంలో గోడ నుంచి దూరం) 30 నుంచి లాగ్ మొదలవుతుందని చదువుకుంటాం. 2015లో లీ, మోసర్ 5,200 దగ్గర, 12 వేల కోట్ల బిందువులతో చేసిన రన్‌లో నికార్సైన లాగ్ భాగం వై ప్లస్ 350 దగ్గర గానీ మొదలవలేదు, అక్కడ కప్పా 0.384 వచ్చింది, పాఠాల్లోని 0.41 కాదు. కాబట్టి 180 రన్‌లో 30కీ 100కీ మధ్య గీత పెట్టి కప్పా రాస్తే, ఆ సంఖ్యకు మీరు తప్ప ఎవరూ పూచీ పడరు. వేగం వాలుని వై ప్లస్‌తో గుణించి గీయండి, చదునైన భాగం లేకపోతే లేదనే రాయండి.

ఛానెల్ మొదలుపెడితే కప్పా జోలికి పోకముందే ఒక గ్రాఫ్ గీయాలి. స్నిగ్ధత వల్ల వచ్చే ఒత్తిడినీ, సుడుల వల్ల వచ్చే ఒత్తిడినీ కలిపితే గోడ నుంచి మధ్య దాకా సరళరేఖ రావాలి. ఇందులో ఏ మోడలూ లేదు, ఊహా లేదు, స్థిరపడిన ఛానెల్లో అది తప్పక అలాగే ఉండాలి. వంకర వస్తే రన్ ఇంకా స్థిరపడలేదు, లేదా సగటుకు తీసుకున్న కాలం చాలలేదు. నా మొదటి రన్‌లో ఆ గీత మధ్యలో పాములా వంగింది. ఇంకో రెండింతల సేపు నడిపాక గానీ తిన్నగా రాలేదు, అప్పటికే నేను కప్పా విలువను మూడు దశాంశాలతో నోట్‌బుక్‌లో రాసి పెట్టేసుకున్నాను.